ఎవరికీ అమ్ముడుపోని అభ్యర్థిని

1972 జనవరి 25వ తేదీని న్యూయార్కు నగరమున, బ్రూక్లిన్ ప్రాంతపు కాంకర్డ్ బాప్టిస్టు చర్చియందు, అమెరికా అధ్యక్షపదవికి డెమొక్రాటిక్ పార్టీ టిక్కెట్టు కోరుచున్నానని ప్రకటించుచు షర్లీ చిషోమ్, నల్లజాతి బిడ్డనైనందుకు గర్వించుదునుగాని ఆ జాతికి మాత్రమే అభ్యర్థిని కాననియు, స్త్రీనైనందుకు గర్వించుదునుగాని స్త్రీల ఉద్యమమునకు మాత్రమే అభ్యర్థిని కాననియు, సమస్త ప్రజల పక్షమున నిలిచితిననియు విస్పష్టముగా పలికెను. అటుపిమ్మట ఎన్నికల సంరంభము సాగినంతకాలము ఆ మాటను చెవినిడినవారు బహుస్వల్పము.

వెస్టిండీసు వలసకుటుంబమున జన్మించి, పసిపిల్లల బడులలో పనిచేసి, 1968లో కాంగ్రెసుకు ఎన్నికైన ప్రథమ నల్లజాతి మహిళ ఆమె. ఎవరికీ అమ్ముడుపోను, ఎవరి పెత్తనమునకూ లొంగననుట ఆమె నినాదము. నట్టనడి నగరమునకు ప్రతినిధియైన తన్ను వ్యవసాయ సంఘమున వేసినందుకు, కొత్తసభ్యులు నోరు మెదపరాదను ఆచారమును త్రోసిపుచ్చి, పార్టీ సమావేశముననే ఎదిరించెను. పెద్దలకు అప్పటినుండియే ఆమె కంటిలో నలుసు.

పరుల తిరస్కారముకంటె ఆత్మీయుల ఔదాసీన్యమే ఆమెను అధికముగా బాధించియుండును. ఆ మార్చిలో ఇండియానా రాష్ట్రపు గారీ పట్టణమున సమావేశమైన జాతీయ నల్లజాతి రాజకీయ మహాసభ ఆమెను బలపరుపలేదు. ముందుగా తమ్ము సంప్రదింపలేదని పురుషనాయకులలో కొందరు అలిగిరి. మహిళోద్యమ నాయికలలో కొందరు చిషోమ్‌ను మెచ్చుకొనుచునే, అదే టిక్కెట్టుకు పోటీపడుచున్న మెక్‌గవర్న్ గెలుపును కోరుచు రెండు పడవలపై కాళ్లు మోపిరి. రాజకీయములందు తనకు చర్మవర్ణముకంటె స్త్రీత్వమే పెద్ద అడ్డంకియైనదని ఆమె పలుమారు చెప్పినది ఊరక కాదు.

ఇక పత్రికలును టెలివిజన్ సంస్థలును ఆమెది కేవలము లాంఛనప్రాయమగు పోటీయని ముందే తేల్చివేసినవి. కాలిఫోర్నియా ప్రాథమిక ఎన్నికకు ముందు, టిక్కెట్టు కోరుచున్న హంఫ్రీ, మెక్‌గవర్న్‌లను ఎదురెదురుగా కూర్చుండబెట్టి చర్చలు ప్రసారము చేయ సంకల్పించి, అదే ఎన్నికలో నిలిచిన ఆమెను విడిచిపెట్టినవి. ఆమె ప్రసారముల కమిషనుకు ఫిర్యాదు చేసెను, కమిషను త్రోసివేసెను. అప్పీలు న్యాయస్థానమునకు పోగా, తుదకు ఆమెకును అర్ధగంట కాలము ఈయవలసినదని ఉత్తరువు వెలువడెను. అప్పటికి జూన్ 6వ తేదీనాటి పోలింగుకు మిగిలినవి కొద్దిదినములే. ఫలితముగా ఆమెకు లభించినవి నూటికి నాలుగు ఓట్లకు కొంచెము మించినవి. గెలువజాలదని తెరకు దూరముగా నుంచి, తెరపై కానరానందున ఓటరు మరచిపోగా, చూచితిరా గెలువలేదని చెప్పుట ఏమి న్యాయము? అభ్యర్థిని త్రోసిపుచ్చు అధికారము ఓటరుది. వార్తలు వ్రాయువానిది కాదు.

జూలైలో మయామీ బీచి మహాసభలో, హంఫ్రీ తన పక్షపు నల్లజాతి ప్రతినిధులకు స్వేచ్ఛనొసగినందున కొంత బలము చేకూరి, ఆమెకు దాదాపు 152 ఓట్లు వచ్చినవి. నాలుగవ స్థానము దక్కినది. టిక్కెట్టు మెక్‌గవర్న్‌కు పోయినది. నవంబరులో ఆయన 49 రాష్ట్రములలో ఓడెను.

ఆ ప్రచారమున కాలిఫోర్నియాలో పనిచేసినవారిలో బార్బరా లీ యను విద్యార్థిని యొకతె కలదు. అంతవరకు ఆమె ఓటరుగా నమోదైనను కాలేదు. ముందు ఆ పని చేయుమని మందలించినది చిషోమే. లీ 1998లో కాంగ్రెసుకు ఎన్నికయ్యెను. 2001 సెప్టెంబరులో అధ్యక్షునికి యుద్ధాధికారము నొసగు తీర్మానమునకు ప్రతినిధిసభలో 420 మంది అనుకూలముగా నిలువగా, వ్యతిరేకముగా ఓటువేసిన ఏకైక సభ్యురాలు ఆమెయే.