ఖాళీ సీట్ల ఊరేగింపు

మొన్నామధ్య ఒక ఉదయం శిరివెళ్లలో టీ అంగడి దగ్గర కారు ఆపాను. బెంచీ మీద కూర్చున్న పెద్దాయన నా కారునూ, రోడ్డు మీద వరుసగా పోతున్న మా కాలేజీవారి మరో మూడు కార్లనూ చూసి, “ఏం సారూ, దినామూ పెండ్లివారి మాదిరి నాలుగు కార్లు పోతాండాయే! పెండ్లికొడుకు యాడుండాడు?” అన్నాడు. నవ్వి ఊరుకున్నాను గాని, నంద్యాల చేరేదాకా ఆ మాట నన్ను వదలలేదు.

నిజమే గదా! నలుగురమూ ఒకే ఊరినుంచి, ఒకే కాలేజీకి వెళ్లేవాళ్లం. నాలుగు కార్లలో ఇరవై సీట్లు, నలుగురు మనుషులు. తక్కిన పదహారింటిలో టిఫిను డబ్బాలూ, గొడుగులూ దర్జాగా ప్రయాణం చేస్తున్నాయి.

తెలుగు మాష్టర్లకు లెక్కలు రావని ఒక అపవాదు ఉన్నది. అందుచేత ఆ రాత్రి రెండుసార్లు వేసి చూశాను. నంద్యాలకు రానుపోను సుమారు నలభై కిలోమీటర్లు. లీటరుకు పదహారు వచ్చే కారు రోజుకు రెండున్నర లీటర్లు తాగుతుంది. నాలుగూ కలిసి పది. ఒక్క కారులో పోతే ఏడున్నర మిగులు. ఏడాదికి 200 పనిదినాలనుకున్నా 1,500 లీటర్లు! లీటరు వంద రూపాయలు దాటిన ఈ రోజుల్లో లక్షన్నర పైమాటే. లీటరు పెట్రోలు మండితే వెలువడే బొగ్గుపులుసు వాయువు సుమారు 2.3 కిలోలు. అంటే మేము నలుగురం గాలిలోకి ఊరికే వదిలేది ఏటా ముప్పైనాలుగు క్వింటాళ్లు.

“డబ్బు మాది, ఎవరికేం నష్టం?” అనవచ్చు. డబ్బు మనదే, పెట్రోలు మాత్రం మనది కాదు. దేశం వాడుకునే ముడిచమురులో నూటికి ఎనభై అయిదు పాళ్లకు పైగా బయటినుంచి రావలసిందే. రెండో ప్రపంచ యుద్ధకాలంలో పెట్రోలుకు రేషను వచ్చినప్పుడు బస్సుల వెనక పొయ్యిలాంటి డ్రమ్ము బిగించి బొగ్గు గ్యాసుతో నడిపారు. ఎత్తు రాగానే ప్రయాణికులు దిగి నెట్టేవారట! కరువు కళ్లెదుట ఉంటే పొదుపు దానంతట అదే వస్తుంది కాబోలు.

సరుకుల సంగతి మరీ ఘోరం. మా సీమలో పారే కె.సి. కాలువను మద్రాసు ఇరిగేషన్ కంపెనీవారు 1860 ప్రాంతాలలో తవ్వించింది సేద్యానికే కాదు, పడవలకు కూడా. నీటి మీద బరువు లాగడానికి రోడ్డు మీద కన్నా ఎంతో తక్కువ బలం చాలు. ఆ పడవలు ఏనాడో పోయాయి. ఇప్పుడు మా బియ్యం లారీ ఎక్కుతుంది. తిరుగు సరుకు దొరకని లారీ వట్టి చేతులతో ఇల్లు చేరుతుంది, డీజిలు మాత్రం తాగుతూనే.

నా లెక్క మా ఆవిడకు వినిపించాను. ఆవిడ బడి వేళ వేరు. 2025 ఆగస్టు 15న స్త్రీ శక్తి పథకం వచ్చినప్పటినుంచి పల్లెవెలుగులో ఛార్జీ లేకుండానే వెళుతున్నది, తరచు నిలబడి. “మాకు బస్సులో ఊపిరాడదు. మీ కార్లలో గొడుగులకు కూడా సీటే!” అన్నది. లీటరు డీజిలుకు అయిదు కిలోమీటర్లే పోయినా, ఆ బస్సు యాభైమందిని మోస్తున్నది. నా కారు మోసేది నన్నొక్కణ్ణి.

మర్నాడు స్టాఫ్ రూములో వంతుల వారీగా వెళదామన్నాను. ఒకరికి మొదటి పీరియడు లేదు. ఒకరు సాయంత్రం కూరగాయలు కొనాలి. ఇంకొకాయనకు నేను కారులో పద్యాలు చదువుతానని భయం. అన్నిటి అడుగునా ఉన్నది పరువు. సొంత కారుండి పక్కవాడి కారెక్కితే ఊళ్లో ఏమనుకుంటారో అని! వారం రోజుల బతిమాలింపు మీద, పద్యాలు చదవనని మాట తీసుకుని, ఇద్దరు ఒప్పుకున్నారు. నాలుగో ఆయన, రోజూ నడపకపోతే బ్యాటరీ పోతుందని తన కారులోనే వస్తున్నాడు.

మొదటి సోమవారం టీ అంగడి పెద్దాయన చెయ్యి అడ్డుపెట్టుకుని మా వంక చూశాడు.

“రెండే కార్లు! సగంమంది పెండ్లివారు అలిగినారా సారూ?”