దెబ్బ మానినను దడుపు మానని వారు



మన కర్నూలు, కడప సీమలలో పొలము పండని యేట ప్రజలు రాతిని నమ్ముకొందురు. బేతంచెర్ల, ఎఱ్ఱగుంట్ల ప్రాంతముల నాపరాతి గనులు, మంగంపేట ముగ్గురాతి గనులు, ఊరూరను వెలసిన కంకర క్వారీలు మీరెఱుగనివి కావు. బండ మీదపడి కాలు విరిగినచో కట్టు కట్టుటకు వైద్యుడున్నాడు. కొన్ని మాసములకు ఎముక అతుకుకొనును. కాని కొందఱు ఆ కాలితో గని వైపునకు మాత్రము నడువలేరు. తూటా ప్రేలిన చప్పుడు వినబడగానే ఒడలంతయు చెమట పట్టును. రాత్రి కలలో ఆ బండయే మరల మరల మీదపడును. మనవారు దీనిని దడుపందురు, అంత్రము కట్టింతురు. అప్పటికిని కుదురనిచో, “పరిహారపు సొమ్ము చేతికి వచ్చువఱకు వీడిట్లే కూర్చుండును” అని రచ్చబండ మీద తీర్పు చెప్పుదురు. మానసిక చికిత్స నా వృత్తి గనుక ఈ తీర్పును నేను పలుమాఱులు విన్నాను.

ఇది మన యూళ్లలో పుట్టిన యనుమానము కాదు. ఇంగ్లండులో రైలు ప్రమాదములలో చిక్కి, పైకి పెద్ద గాయము లేకయే బాధపడువారిని గూర్చి ఎరిక్సన్ అను శస్త్రవైద్యుడు 1866లో గ్రంథము వ్రాసెను. వెన్నుపాము అదరుటయే కారణమని ఆయన తలంచెను. నటన యని వాదించినవారును ఉండిరి. 1961లో హెన్రీ మిల్లర్ అను వైద్యుడు, దావా తీరగానే ఇట్టి బాధలు చాలవఱకు తీరునని ప్రకటించెను. తరువాతి పరిశోధకులు దావాలు తీరినవారిని వెదకి చూడగా, సొమ్ము ముట్టిన పిదపను అనేకులు పనికి పోలేకయే యుండిరి. నటించువారు బొత్తిగా లేరని నేననను. వారిని కనిపెట్టుట విచారణాధికారి పని.

మఱి చికిత్స ఎట్లు చేయవలెను? ఎవరికి తోచినట్లు వారు చేయక, పెక్కు పరిశోధనల ఫలితములను సరిచూచి నిపుణులు వ్రాసిన మార్గదర్శక సూత్రములు కలవు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో అట్టివి ప్రకటించెను. ప్రమాదము జరిగిన మొదటి మాసములో దడుపునకు బెంజోడయజిపీన్ జాతి మత్తుమాత్రలు ఇయ్యవలదనెను. దడుపు పాతుకొనినచో, జరిగినదానిని తప్పించుకొనక ఎదుర్కొనుట నేర్పు మాటల చికిత్స చేయుమనెను. ఆస్ట్రేలియాలోని విక్టోరియా రాష్ట్రమున రోడ్డు ప్రమాదములకును, పనిలో తగిలిన దెబ్బలకును పరిహారమిచ్చు సంస్థలు చికిత్సకులకు ఐదు సూత్రములు విధించినవి. ఫలితమును కొలిచి చూపుమనుట వానిలో మొదటిది. రోగి తన బాధను తానే చక్కబెట్టుకొను శక్తి పొందవలెననియు, మరల పనిలో చేరుటయే గుఱి కావలెననియు తక్కినవానిలో కలదు.

చదువుట సులభమే. ఒక కంకర క్వారీ కూలి నాకడకు వచ్చినప్పుడు నేనే వానిని తప్పితిని. అతడు ఆనాటి సంగతి ఎత్తగానే వణకిపోవుచుండెను. దానిని కదపకుండుటయే దయ యని తలంచి, ఓదార్చి పంపుచు నాలుగు నెలలు గడిపితిని. ఇంటివారు మఱియొక గట్టి కాపలా పెట్టిరి: “కేసు తెగువఱకు గని ముఖము చూడవద్దు. నయమైనదన్నచో సొమ్ము తగ్గును.” భయపడినదానికి దూరమైనకొలది భయము పెరుగునని నేను చదివియే యుంటిని; చేయుటకు మాత్రము ధైర్యము చాలలేదు.

పిమ్మట దారి మార్చితిని. ఆనాటి కథను మొదటినుండి చివరివఱకు చెప్పించితిని. పలుమాఱులు చెప్పగా చెప్పగా వణకు సడలెను. తరువాత క్వారీకి మైలు దూరమున చింతచెట్టు క్రింద కూర్చుండుట, అటుపిమ్మట గని యంచు, సెలవునాడు ఖాళీ గనిలో నడచుట. వారమునకొకసారి ప్రశ్నలడిగి బాధను కొలిచి వ్రాసితిని. ఆ కాగితము దావాలోను చూపదగినదే. 1923నాటి పరిహార చట్టపు పట్టికలో పోయిన వ్రేళ్లకు, కన్నులకు లెక్క కలదు గాని దడుపునకు లేదు. పట్టికలో లేని దెబ్బ వలన సంపాదనశక్తి ఎంత తగ్గినదో అర్హుడైన వైద్యుడు నిర్ణయింపవలసి యుండెను. 2009 సవరణలో చికిత్స ఖర్చును యజమాని ఇయ్యవలెనని చేర్చిరి. ఆ చట్టమునకు బదులుగా 2025 నవంబరులో సామాజిక భద్రతా స్మృతి అమలునకు వచ్చినది. ఏ చట్టమైనను రశీదులు దాచుకొనుడు. దావా తీరువఱకు చికిత్సను ఆపకుడు.

2021 మే 8న కలసపాడు మండలము మామిళ్లపల్లె గనిలో జిలెటిన్ కడ్డీలు దించుచుండగా ప్రేలి పదిమంది మరణించిరి. మృతుల లెక్క పత్రికలలో వచ్చెను. ఆ చప్పుడు విని బ్రదికినవారి లెక్క ఎవరు వ్రాసిరి? అట్టివారు మీ యూర నుండినచో, 14416 సంఖ్యకు ఫోను చేసి టెలి మానస్ వారితో ఉచితముగా మాటలాడవచ్చునని చెప్పుడు.

నేను చెప్పిన కూలి ఇప్పుడు బండలు నునుపు చేయు కర్మాగారమున పూటపని చేయుచున్నాడు. తూటా ప్రేలినప్పుడు ఒక్క క్షణము చేయి ఆగును, మరల సాగును. కేసు ఇంకను నడుచుచునే యున్నది.