ఎవరి మెట్టు ఎక్కడ?

తాండూరు పేరు వినగానే పెద్దలకు రెండు వస్తువులు జ్ఞాపకం వస్తాయి: ఒకటి కందిపప్పు, రెండవది నాపరాయి. తాండూరు కందికి 2022లో భౌగోళిక గుర్తింపు కూడా లభించింది. వికారాబాదు జిల్లాలో ఉన్న ఈ ఊరు కర్ణాటక సరిహద్దుకు దగ్గర. అందుచేత ఇక్కడి వీధులలో తెలుగుతోబాటు ఉర్దూ, కన్నడం కూడా వినిపిస్తాయి. చుట్టుపక్కల తండాలలో లంబాడీ భాష మాట్లాడతారు.

ఇటువంటి ఊళ్ళో ఒక మూడవ తరగతిని ఊహించుకోండి. పిల్లలందరి వయస్సూ ఇంచుమించు ఒకటే, పుస్తకం ఒకటే, పాఠం చెప్పే పంతులుగారూ ఒకరే. కాని పాఠం అందరికీ ఒక్కలాగే అర్థమవుతుందా? ఒకడు ఇంట్లో తెలుగే మాట్లాడతాడు. మరొకడు బడికి వచ్చిన తరువాతే తెలుగు విన్నాడు. ఒక అమ్మాయికి తల్లి ఇంటి దగ్గరే కూడికలు నేర్పింది. మరొక అమ్మాయి జబ్బుపడి నెల రోజులు బడికి రాలేదు.

పంతులుగారు నల్లబల్లమీద 1/2 అని వ్రాసి, "దీనిని సగం అంటారు" అని చెప్పారనుకోండి. కొందరికి చప్పున తెలుస్తుంది. కొందరు ఆ గీతనూ, అంకెలనూ చూసి తెల్లబోతారు. అప్పుడాయన ఒక్కొక్కరి చేతిలో ఒక నానబెట్టిన కందిగింజ పెట్టి, పొట్టు తీయమంటారు. లోపల రెండు బద్దలు! ఒక్కొక్క బద్ద గింజలో సగం. తరువాత నేలమీది చదరపు నాపబండమీద సుద్దతో నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీయిస్తారు. బండ నాలుగు సమాన భాగాలవుతుంది. వాటిలో రెండు భాగాలు కలిపితే ఎంత? మళ్ళీ సగమే! ఇందాక తెల్లబోయిన పిల్లలకు ఇప్పుడు బల్లమీది అంకెల అర్థం తెలిసింది.

"కొందరు చూసి నేర్చుకుంటారనీ, కొందరు వినీ, కొందరు చేత్తో చేసీ నేర్చుకుంటారనీ అంటారు గదా!" అని మీరు అడగవచ్చు. ఈ మాట లోకమంతటా వ్యాపించినదే. కాని 2008లో హెరాల్డ్ పాష్లర్, మరి ముగ్గురు మనస్తత్వ శాస్త్రజ్ఞులు అంతవరకు జరిగిన పరిశోధనలను పరిశీలించారు. పిల్లలను అలా జట్లుగా విడదీసి, ఒక్కొక్క జట్టుకు ఒక్కొక్క విధంగా బోధిస్తే బాగా నేర్చుకుంటారని చెప్పడానికి తగిన ఆధారం వారికి కనిపించలేదు.

ఆలోచించి చూస్తే ఇది సబబే. దేశపటం అందరూ కంటితో చూడవలసినదే. పద్యం అందరూ చెవితో వినవలసినదే. తాడు ముడివేయటం అందరూ చేత్తో చేసి నేర్చుకోవలసినదే.

మరి పిల్లలలో తేడాలు లేవా? తప్పకుండా ఉన్నాయి. వాటిలో ముఖ్యమైనది, ఎవరు ఏ మెట్టుమీద నిలబడి ఉన్నారన్నది. కింది మెట్టు అందనివాడికి పై మెట్టు పాఠం ఎంత చెప్పినా ఎక్కదు. వాడు ఏటికేడాది వెనకబడతాడు. "నేను మొద్దును" అనుకుంటాడు. చివరకు బడే మానివేయవచ్చు. నిజానికి వాడికి తక్కువైనది తెలివి కాదు, ఒక్క మెట్టు!

ఈ సంగతి గ్రహించి ఒక పద్ధతిని ఏర్పరచినవారు మన తెలుగునాటనే ఉన్నారు. మదనపల్లెకు సమీపాన రిషీవ్యాలీ అనే విద్యాసంస్థ ఉన్నది. దాని పరిసర గ్రామాలలోని చిన్న బడులలో ఒకే గురువు అన్ని తరగతులకూ చెప్పాలి. ఆ బడుల కోసం పద్మనాభరావు, రమ దంపతులు పాఠాలను చిన్న చిన్న అట్టలుగా విడగొట్టారు. గోడమీద నిచ్చెనలాంటి పటం ఉంటుంది. ప్రతి మెట్టుకూ బొమ్మ గుర్తులు గల అట్టలుంటాయి: కొన్ని కొత్త విషయం చెప్పేవి, కొన్ని అభ్యాసానికి, కొన్ని పరీక్షకు. పరీక్షలో తడబడితే మళ్ళీ నేర్పే అట్టలు వేరే ఉన్నాయి. నెల రోజులు రాని అమ్మాయి తిరిగి వచ్చి, తాను ఆగిన మెట్టునుంచే మొదలుపెడుతుంది. కొందరు గురువు దగ్గర, కొందరు స్నేహితుల సాయంతో, కొందరు సొంతంగా చదువుకుంటారు.

ఈ పద్ధతిని చూసి, 1995లో కర్ణాటకలోని హెగ్గడదేవనకోటె తాలూకాలో "నలి-కలి" ప్రారంభించారు. ఆ కన్నడ మాటకు ఆడుతూ నేర్చుకోవటం అని అర్థం. 2003లో మద్రాసు నగరపు కార్పొరేషన్ బడులు కూడా ఇటువంటి పద్ధతినే అనుసరించాయి. తెలంగాణలోనూ 2022లో ప్రాథమిక తరగతుల పిల్లలకు చదవటం, వ్రాయటం, లెక్కలు గట్టిపరచటానికి ఒక పథకం మొదలయింది. దాని పేరే "తొలిమెట్టు".

పిల్లలూ, ఇకమీదట "నాకు లెక్కలు రావు" అనకండి. "నేను ఏ మెట్టు దగ్గర ఆగాను?" అని వెతకండి. భాగహారం రాకపోతే ఎక్కాలు వచ్చునో లేదో చూడండి. ఎక్కాలు రాకపోతే కూడికలు చూసుకోండి. ఆగిన చోటు దొరికితే పంతులుగారికి చెప్పండి, సిగ్గుపడవద్దు. మీ పక్కవాడు ఆగిపోతే, వాడికి తెలిసిన భాషలో ఒక్క మాట చెప్పి చూడండి.

పెద్దలకు కూడా ఒక విన్నపం. మార్కుల కాగితం చూసి బిడ్డను కోప్పడే ముందు దగ్గర కూర్చోబెట్టుకుని, వాడికి ఎంతవరకు వచ్చునో అడిగి తెలుసుకోండి. నేర్పవలసినది అక్కడినుంచే.