బిగ్‌ఇంట్

డేటాబేస్ పట్టికలో ఏ కాలమ్‌లో ఎలాంటి విలువ రాస్తామో ముందే చెప్పాలి. సంఖ్య అనగానే చాలామంది ‘ఇంట్’ అని పెట్టేస్తారు. దానికి 4 బైట్లే. 2,14,74,83,647 దాటితే పట్టదు. 2014 డిసెంబరులో ‘గంగ్నమ్ స్టైల్’ పాట వీడియో వీక్షణలు ఆ హద్దు దాటాయి. యూట్యూబ్ ముందే పసిగట్టి లెక్కను 64 బిట్లకు మార్చుకుంది. 2018 నవంబరులో బేస్‌క్యాంప్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థకు ఆ అదృష్టం లేదు. ఒక పట్టికలో వరుస సంఖ్యలు అయిపోయి, వాడకందారులు గంటల తరబడి కొత్తగా ఏదీ రాయలేకపోయారు.

అక్కడ ఉండాల్సింది బిగ్‌ఇంట్. 8 బైట్లు తీసుకుని సుమారు 92 వేల కోట్ల కోట్ల దాకా మోస్తుంది.

మన మొబైల్ నంబరే చూడండి. 6, 7, 8, 9తో మొదలయ్యే పదంకెల నంబరు ఇంట్‌లో పట్టదు. పోస్ట్‌గ్రెస్ డేటాబేస్ అయితే మొహమాటం లేకుండా తప్పని చెబుతుంది. మైఎస్‌క్యూఎల్‌లో స్ట్రిక్ట్ మోడ్ తీసేసి ఉంటే మాత్రం పని ఆగదు, హెచ్చరికను ఎవరూ చూడరు. ఊరందరి ఫోనూ 2147483647 అయి కూర్చుంటుంది! అసలు ఫోన్ నంబర్లను ఎవరైనా కూడతారా? వాటికీ, ఆధార్‌కూ అక్షరాలుగా దాచే వార్‌చారే సరి.

డబ్బుకు డెసిమల్, ఫ్లోట్ వద్దు. 4 బైట్ల ఫ్లోట్‌కు 1,67,77,217 ఇస్తే 1,67,77,216గా దాచుకుంటుంది. రూపాయి గల్లంతు.

కొత్త పట్టికలో ఐడీ కాలమ్‌కు నాలుగు బైట్లు ఆదా చేయాలని చూడకండి, బిగ్‌ఇంటే పెట్టండి.