రాతిస్తంభమూ, నీహారికల ఛాయాచిత్రాలూ

నుంగంబాకంలోని వాతావరణ కేంద్రం ఆవరణలో ఒక రాతిస్తంభం ఉన్నది. 1792లో కుంపిణీవారు కట్టించిన నక్షత్రశాలలో దుర్భిణికి ఆధారంగా నిలిపినది అది. దానిమీది శాసనాన్ని ఇతర భాషలతోపాటు మన తెలుగులోనూ చెక్కించారు. ఆ నక్షత్రశాలకు అధిపతిగా ఉండిన టేలరుదొరవద్ద విద్య నేర్చి, గోడే వెంకట జగ్గారావుగారు 1840లో విశాఖపట్నంలో సొంత నక్షత్రశాల నెలకొల్పారు. ఉద్యోగానికి కాదు, కేవలం అభిరుచితో. కాబట్టి ఈ సరదా మనవారికి నిన్న మొన్న వచ్చినది కాదు.

నేటి ఔత్సాహికులు చూడటంతో తృప్తిపడరు, ఛాయాచిత్రాలు తీస్తారు. ఎందుకంటారా? మన కన్ను వెలుగును కూడబెట్టలేదు. ఎంతసేపు చూచినా అంతే కనబడుతుంది. కెమెరా అట్లా కాదు, పైసా పైసా దాచే ఇల్లాలివంటిది. 1880లో అమెరికాలో హెన్రీ డ్రేపరు 51 నిమిషాలపాటు పలకను తెరచి ఉంచి ఓరియన్ నీహారికను మొదటిసారి పట్టాడు. 1888లో ఇంగ్లండులో ఐజాక్ రాబర్ట్సు ఆండ్రోమెడాను తీసి, అందులోని సుడులను లోకానికి చూపాడు. ఆయన వృత్తి ఇళ్లు కట్టించడం! ఆ వెలుగు మనను చేరడానికి 25 లక్షల సంవత్సరాలు పట్టింది.

మన చెన్నపట్నంలోనే 1927లో పుట్టిన వైను బాప్పుగారు హైదరాబాదులో, తండ్రి పనిచేసిన నిజామియా నక్షత్రశాల నీడన పెరిగారు. 1949లో హార్వర్డులో తీసిన పలకమీద ఒక తోకచుక్కను కనిపెట్టారు. జవ్వాదికొండలమీద కావలూరులో వేధశాలను స్థాపించినదీ ఆయనే.

ఇక పనిలోని చిక్కులు. భూమి తిరుగుతుంది గనుక దుర్భిణి కూడా చుక్కల వెంట తిరగాలి. అందుకు దాని ఇరుసును ధ్రువానికి సూటిగా పెట్టాలి. చెన్నపట్నంలో ధ్రువనక్షత్రం నేలకు 13 డిగ్రీల ఎత్తుననే ఉంటుంది. పొరుగింటి నీళ్ల ట్యాంకు చాలు, దానిని దాచడానికి. ఆండ్రోమెడా బాగా పైకి వచ్చే అక్టోబరు, నవంబరు మాసాలలోనే మనకు ఈశాన్య రుతుపవనం. మబ్బు విడిస్తే సముద్రపు తేమ అద్దంమీద పేరుకుంటుంది. ఒకే వస్తువును వందలసార్లు తీసి, ఆ చిత్రాలను కంప్యూటరులో ఒకదానిమీద ఒకటి పేర్చితే మచ్చలు అణగి నీహారిక తేలుతుంది. నాలుగింతలు తీస్తే శుభ్రత రెండింతలే పెరుగుతుంది. ఓపిక ఖరీదు అంత!

అన్నిటికన్నా పెద్ద శత్రువు వీధిదీపం. హైడ్రోజను ఎరుపును మాత్రమే పోనిచ్చే అద్దాలు బిగించి మేడమీదనుంచే నీహారికలను తీసేవారున్నారు. గెలాక్సీలకు ఆ ఉపాయం అంతగా పారదు. వాటి వెలుగులో అన్ని రంగులూ ఉంటాయి. అందుకే కొండలకు ప్రయాణం. పాలపుంతను ఎన్నడూ చూడని పిల్లలు మన ఇళ్లలో ఎందరు? దీపానికి పైకప్పు పెట్టి వెలుగును నేలకే మళ్లిస్తే విద్యుత్తూ ఆదా అవుతుంది. దానికి పెద్ద విద్య అక్కరలేదని నా అభిప్రాయం.

మనకు ఒక భాగ్యం మిగిలింది. ఏప్రిలు నడుమ, రాత్రి తొమ్మిదింటికి, దక్షిణాన 17 డిగ్రీల ఎత్తున కెరీనా నీహారిక నిలిచి ఉంటుంది. చీకటి చోట మామూలు కంటికే మసక మరకలా తోస్తుంది. దాని ఎడమవైపున దక్షిణ శిలువ. లండనువారికి ఈ రెండూ ఎన్నడూ ఉదయించవు.