మగ్గం చప్పుడు మ్యూట్ చెయ్యొద్దు

యూట్యూబ్‌లో ఆదోని అనో ఎమ్మిగనూరు అనో కొట్టి చూడండి. తొలకరి పడితే తుగ్గలి, జొన్నగిరి చేలల్లో నడుం వంచి వజ్రాలు వెతికే జనం కనిపిస్తారు. దసరా వస్తే దేవరగట్టు. మాళ మల్లేశ్వరస్వామి బన్ని ఉత్సవంలో నెరణికి, నెరణికి తండా, కొత్తపేట వాళ్లు ఒకవైపు, చుట్టుపక్కల ఊళ్లవాళ్లు ఇంకోవైపు. దివిటీల వెలుగులో గాల్లోకి లేచిన కర్రలు. తర్వాత పత్తి ధర, ఉరుకుంద ఈరన్న, మంత్రాలయం. మిగిలినవి మన కుర్రాళ్ల షార్టులు: తెల్లచొక్కా, స్కార్పియో, స్లోమోషన్ నడక, వెనకాల ఏదో హిట్ సినిమా బీజీఎం.

బయటివాళ్లు ఇవి చూసి, తలలు పగలడం, వజ్రాలు దొరకడం తప్ప పశ్చిమ కర్నూలులో ఇంకేమీ జరగదనుకుంటే తప్పు వాళ్లది కాదు. కెమెరా మన చేతిలోనే ఉంది కదా.

ఒకప్పుడు ఇక్కడ షార్ట్ ఫిలిం తియ్యాలంటే పెళ్లిళ్ల వీడియోగ్రాఫర్‌ను బతిమాలుకోవాలి. 2016 సెప్టెంబరులో జియో వచ్చాక డేటా చవకైంది. షూటింగ్, కైన్‌మాస్టర్‌లో ఎడిటింగ్, అప్‌లోడింగ్ అన్నీ ఒకే ఫోన్లో. యూట్యూబ్ యాడ్స్ డబ్బులు రావాలంటే 1,000 మంది సబ్‌స్క్రైబర్లు, షార్టులు కాని వీడియోలకు ఏడాదిలో 4,000 గంటల వీక్షణ ఉండాలని టీ బంకు దగ్గర పిల్లవాడు కూడా చెప్తాడు. ఏం తియ్యాలి అన్న దగ్గరే బండి ఆగిపోతోంది.

ఎమ్మిగనూరులో షార్ట్ ఫిలింలు తీసే ఒక కుర్రాడు తన తాత మీద చేసిన వీడియో చూపించాడు. గుంత మగ్గం. ఫోన్‌ను గుంత అంచున పెట్టి తీశాడు. కింద చీకట్లో తాత కాళ్లు తొక్కుడు కర్రల మీద ఆడుతున్నాయి. పైన కిటికీ వెలుతురులో నూలు దుమ్ము. చెయ్యి తిరిగిన కెమెరామన్లకు కూడా తోచని కోణం. అయితే దాని మీద ఒక స్టార్ హీరో ఎంట్రీ మ్యూజిక్ వేశాడు. మగ్గం చప్పుడు ఏమైందప్పా అంటే, “మ్యూట్ చేసినా అన్నా. డిస్టర్బుగా ఉంటాది” అన్నాడు. కాపీరైట్ క్లెయిమ్ కూడా పడిందట. యాడ్స్ డబ్బు ఏమైనా వస్తే ఆ మ్యూజిక్ కంపెనీకే పోతుంది.

ఒరిజినల్ పెట్టించుకుని విన్నాను. నాడె ఆ కొస నుంచి ఈ కొసకు కొట్టుకునే చప్పుడు, ప్రతి పేకకూ అచ్చు గుద్దే దెబ్బ. మధ్యలో తాత తల తిప్పకుండానే, “పోగు తెగినాది, సూడ్రా” అన్నాడు. బీజీఎం వేసిన దాంట్లో ఆ మాట లేదు. నన్నడిగితే ఆ వీడియోకు హీరో ఎంట్రీ ఆ మాటే.

కళ అంటే ఇదా అనే వాళ్లకు ఒక సంగతి. న్యూయార్క్ కళాకారిణి బెరిల్ కొరొట్ 1976–77లో మగ్గం మీద తను నేస్తుండగా వీడియో తీసి, ఐదు టీవీలను వరసగా పెట్టి, ఎదురుగా తను నేసిన ఐదు బట్టలు వేలాడదీశారు. దాని పేరు ‘టెక్స్ట్ అండ్ కామెంటరీ’. వీడియో కళ చరిత్రలో దానికి పెద్ద పీట వేశారు. మగ్గమే మొట్టమొదటి కంప్యూటర్ అంటారామె. ఉత్త మాట కాదు. ఫ్రాన్స్‌లో 1804 నాటి జకార్డ్ మగ్గం చిల్లుల అట్టలతో నడిచేది. చిల్లు ఉన్నచోట పడుగు పోగు లేస్తుంది, లేనిచోట లేవదు. చార్లెస్ బాబేజ్ తన లెక్కల యంత్రానికి అనుకున్నది ఆ అట్టల పద్ధతే. మాచాని సోమప్ప 1938లో నేతగాళ్ల సహకార సంఘం పెట్టి దేశానికి పరిచయం చేసిన ఎమ్మిగనూరులో, మనవడు తాత మగ్గాన్ని ఫోన్లో బంధిస్తున్నాడంటే ఒక పెద్ద కథ చుట్టూ తిరిగి ఇంటికొచ్చినట్టే. తీసినవాడికి మాత్రం ఆ సంగతి తెలీదు.

నేత ఊళ్లకూ సినిమా పిచ్చికీ లంకె కొత్తది కాదు. మహారాష్ట్రలోని మాలెగావ్‌లో వీడియో పార్లర్ నడిపిన నాసిర్ షేక్ 2000లో ‘మాలెగావ్ కే షోలే’ తీశారు. తర్వాత తీసిన సూపర్‌మ్యాన్ సినిమాలో హీరోగా వేసినవాడు ఒక పవర్‌లూమ్ కార్మికుడు. వాళ్లు కూడా పెద్ద సినిమాలనే అనుకరించారు, కానీ తమ ఊరి మాటతో, తమ ఊరి నవ్వుతో. 2021 మే 14న నెట్‌ఫ్లిక్స్‌లో వచ్చిన ప్రవీణ్ కండ్రేగుల ‘సినిమా బండి’లో ఆటో డ్రైవరుకు కెమెరా దొరుకుతుంది, ఊరంతా నటులవుతారు. ఆ సినిమాను నిలబెట్టింది సరిహద్దు ఊరి యాసే. మన ఆదోనిలో తెలుగు, కన్నడం, ఉర్దూ ఒకే వాక్యంలో దొర్లుతాయి. షార్ట్ ఫిలింలో మాత్రం అందరూ ఫిలింనగర్ తెలుగే మాట్లాడతారు, అదేం ఖర్మో!

ఇంకో సంగతి. కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు పల్లెల నుంచి ఏటా కుటుంబాలకు కుటుంబాలే సుగ్గికి వలస పోతాయి. గుంటూరు వైపు మిరపకోతలు. బడి మానేసిన పిల్లలు ఆ చేలల్లో తీసుకునే రీల్స్ చూశాను. పాట సినిమాది, వెనక ఎర్రటి కల్లం, పరదాల కింద సంసారం. రేపు ఎవరైనా ఈ ప్రాంతపు వలస చరిత్ర రాస్తే సాక్ష్యం ఆ పదిహేను సెకన్లే. అదీ మిగిలితే. 2020 జూన్ 29న టిక్‌టాక్‌ను నిషేధించినప్పుడు మన పల్లెల వాళ్లు పోసుకున్న వీడియోలు రాత్రికి రాత్రే అందకుండా పోయాయి. 1993 ఏప్రిల్ 30న సెర్న్ సంస్థ వెబ్‌ను ఎవరైనా వాడుకోమని ఉచితంగా వదిలేసింది. మనం మాత్రం నాలుగైదు యాప్‌ల అరుగుల మీద సామాను పరిచి కూర్చున్నాం. అరుగు మనది కాదు.

అందుకే ఈ ఊళ్ల కుర్రాళ్లకు, అమ్మాయిలకు నాదొక మనవి. రీల్ మీ ఇష్టమొచ్చినట్టు చేసుకోండి, పాట వేసుకోండి. ఒరిజినల్ ఫైల్ మాత్రం చెరపొద్దు. దానికి ఊరు, తేదీ, మనిషి చేసే పని పేరుగా పెట్టండి. వాట్సాప్‌లో మామూలుగా వీడియో పంపితే క్వాలిటీ పోతుంది, కేబుల్ పెట్టి కాపీ చెయ్యండి. హార్డ్‌డిస్క్‌లో ఒకటి, ఇంకోచోట ఒకటి. ఆ మనిషి ఒప్పుకుంటే ఇంటర్నెట్ ఆర్కైవ్‌లోనూ పెట్టండి. 1996 నుంచి నడుస్తున్న ఆ లైబ్రరీకి పైసా కట్టక్కర్లేదు.