బండి ఎవరి పేరున ఉంది?

షోరూంలో స్కూటర్ కొనే తంతు చాలా చోట్ల ఒకేలా నడుస్తుంది. నడపబోయేది ఆమె. సేల్స్ కుర్రాడు మాట్లాడేది మాత్రం పక్కనున్న భర్తతోనో తమ్ముడితోనో. ఆమె దాకా వచ్చే ప్రశ్న ఒక్కటే: "ఏ కలర్ మేడమ్?" మైలేజీ, ఫైనాన్సు, ఇన్సూరెన్సు మాటలన్నీ మగవాళ్ల మధ్యే తేలిపోతాయి. చివర్లో "ఆర్‌సీ ఎవరి పేరు మీద సార్?" అనడిగితే "నా పేరు మీదే రాసెయ్, ఏముందిలే" అంటాడాయన. అందులో దురుద్దేశం ఉండకపోవచ్చు. ఆధార్ జిరాక్సు ఆయన జేబులో రెడీగా ఉంది, అంతే. ఆమె గొంతు విప్పాల్సింది సరిగ్గా అక్కడే.

కొత్త టూవీలర్‌తో పాటు 5 ఏళ్ల థర్డ్ పార్టీ ఇన్సూరెన్సు తప్పనిసరి. 2018 సెప్టెంబరు నుంచి ఈ నిబంధన అమల్లో ఉంది. మన బండి వల్ల ఎదుటివాళ్లకి నష్టం జరిగితే కట్టేందుకు అది. మరి నడిపే మనిషికే దెబ్బ తగిలితే? దానికి విడిగా 15 లక్షల రూపాయల వ్యక్తిగత ప్రమాద బీమా ఉంది. దాన్ని ఓనర్-డ్రైవర్ కవర్ అంటారు. పాలసీ షరతుల ప్రకారం ఆ కవర్ దక్కాలంటే బండి రిజిస్ట్రేషన్ ఆ మనిషి పేరునే ఉండాలి, పాలసీలోనూ అదే పేరుండాలి, చెల్లే లైసెన్సు ఉండాలి. భర్త పేరున ఉన్న స్కూటర్‌ని రోజూ భార్య నడుపుతుంటే, ప్రీమియం కట్టేది ఒకరి కోసం, రోడ్డు మీద ఉండేది ఇంకొకరు. జరగరానిది జరిగితే ఆ ఇంటివాళ్లు క్లెయిము కోసం కోర్టుల చుట్టూ తిరగాల్సి రావచ్చు. కాబట్టి బండి ఎవరు నడుపుతారో ఆర్‌సీ వాళ్ల పేరున ఉండడం మర్యాదకో పట్టింపుకో సంబంధించిన విషయం కాదు. డబ్బుకి సంబంధించిన విషయం. నో క్లెయిం బోనస్ కూడా ఆ పేరుకే పోగవుతుంది. లోను మీద తీసుకుంటే, తీరిపోయాక బ్యాంకు ఎన్‌ఓసీ, ఫారం 35 తీసుకెళ్లి ఆర్‌సీలోంచి హైపోతికేషన్ తీయించుకునే పని కూడా ఆ పేరువాళ్లదే.

లైసెన్సు సంగతి కూడా ఇక్కడే. ఎల్‌ఎల్‌ఆర్ 6 నెలలే చెల్లుతుంది. అది తీసుకున్న 30 రోజుల తర్వాత టెస్టుకి వెళ్లొచ్చు. కానీ "ఎవరు ఆపుతార్లే, పిల్లల బడి దాకానేగా" అని ఎల్‌ఎల్‌ఆర్ మీదే ఏళ్లు గడిపేసేవాళ్లు ప్రతి వీధిలో కనిపిస్తారు. ఇంటర్ చదివే అమ్మాయికి స్కూటీ కొనిచ్చే తల్లిదండ్రులకీ ఒక మాట. 16 ఏళ్లకే వచ్చే లైసెన్సు 50 సీసీ దాటని, గేర్లు లేని బండికే. మన షోరూముల్లో దొరికే 110, 125 సీసీ బండ్లకి 18 నిండాల్సిందే. మైనరు బండితో పట్టుబడితే మోటారు వాహనాల చట్టం 199ఎ సెక్షన్ కింద సంరక్షకుడికి 25 వేల జరిమానా, 3 ఏళ్ల దాకా జైలు, బండి రిజిస్ట్రేషన్ ఏడాది పాటు రద్దు.

ఇక బండి ఎంపిక. ఆడవాళ్లకి ‘లైట్ వెయిట్’ చాలనేది సగం నిజం. యాక్టివా, జూపిటర్, యాక్సెస్ లాంటివన్నీ 103 నుంచి 107 కిలోల మధ్యే ఉంటాయి. బ్యాటరీ స్కూటర్లు చాలావి 110 దాటుతాయి. నాలుగైదు కిలోల తేడా నడిపేటప్పుడు తెలియదు. తేడా తెలిసేది సీటు ఎత్తులో. స్కూటీ జెస్ట్‌కి సుమారు 760 మిల్లీమీటర్లు, యాక్సెస్‌కి 773, ఏథర్ 450కి 780. అంకె ఒక్కటే చూసినా చాలదు. సీటు వెడల్పుగా ఉంటే తొడలు విచ్చుకుని పాదం నేలకి అందదు. చెప్పుల్లేకుండా కూర్చుని, రెండు మునివేళ్లూ నేల మీద గట్టిగా ఆనుతున్నాయో లేదో షోరూం బయట, కొంచెం వాలుగా ఉన్న చోట చూసుకోండి. నున్నటి గచ్చు మీద ఏ బండైనా తేలిగ్గానే ఉంటుంది.

సెంటర్ స్టాండ్ వెయ్యడం చాలామందికి బెదురు. "నీ వల్ల కాదులే" అని ఎవరో ఒకరు వచ్చి వేసిపోతుంటారు. అది చేతి బలంతో అయ్యే పని కాదు. బండికి ఎడమవైపు నిలబడి, ఎడమ చేత్తో హ్యాండిల్ నిటారుగా పట్టుకోవాలి. కుడి చేత్తో సీటు వెనకున్న గ్రాబ్ రైలు పట్టుకోవాలి. కుడి పాదంతో స్టాండు నొక్కి, దాని రెండు కాళ్లూ నేలకి తాకాయని పాదానికి తెలిసేదాకా బండిని అటూ ఇటూ కొద్దిగా కదపాలి. ఒక కాలే తాకితే ఎంత బలవంతుడైనా లేపలేడు. రెండూ తాకాక ఒంటి బరువంతా ఆ పాదం మీద మోపి నిలబడితే బండి దానంతటదే వెనక్కి ఎక్కుతుంది. కుడి చెయ్యి దారి చూపడానికే. 45 కిలోల మనిషి 106 కిలోల బండిని ఇలా రోజూ ఎక్కించగలదు. ఈ ఒక్కటీ చేతనైతే టైర్లు, ఆయిలు చూసుకోవడం కూడా చేతికి వస్తుంది. ఎందుకంటే అవన్నీ సెంటర్ స్టాండ్ మీదే చూడాలి.

ఇప్పుడు బండి లోపలికి వెళ్దాం. గేర్లు లేవంటాం గానీ, గేర్ల పని చేసేది ఒకటి లోపల ఉంది. స్కూటర్‌కి ఎడమవైపు, వెనక చక్రం దాకా సాగిన పొడుగాటి డబ్బా కనిపిస్తుంది కదా, అందులో రెండు పుల్లీలు, వాటి మధ్య ఒక రబ్బరు బెల్టు ఉంటాయి. యాక్సిలరేటర్ తిప్పితే ఇంజిన్ వేగం పెరిగి, ముందు పుల్లీలోని చిన్న రోలర్లు అంచులకి జరుగుతాయి. అవి పుల్లీని నొక్కడంతో బెల్టు పైకెక్కుతుంది. వెనక పుల్లీలో అదే బెల్టు లోపలికి దిగుతుంది. అలా ఒకటో గేరు నుంచి నాలుగో గేరు దాకా వెళ్లినట్టు నిష్పత్తి మెల్లగా మారుతుంది. వెనక పుల్లీ దగ్గరే క్లచ్ షూలు కూడా ఉంటాయి. వేగం అందుకున్నాక అవి విచ్చుకుని చుట్టూ ఉన్న గిన్నెలాంటి భాగాన్ని పట్టుకుంటాయి. చక్రం తిరుగుతుంది.

ఇది తెలిస్తే కొన్ని శబ్దాలకి అర్థం తెలుస్తుంది. ఇంజిన్ అరుస్తోంది గానీ బండి ముందుకి పోవడం లేదంటే బెల్టు, రోలర్లు, క్లచ్ షూలలో ఏదో అరిగింది. బయల్దేరేటప్పుడు మాత్రమే బండి గజగజ వణికి, వేగం అందుకోగానే సర్దుకుంటే ఎక్కువ సార్లు తప్పు క్లచ్ షూలదే. ఇంజిన్ నడుస్తూనే ఉండి చక్రం అసలు తిరగకపోతే బెల్టు తెగిందనుకోవచ్చు. అప్పుడు ఎంత సెల్ఫ్ కొట్టినా ప్రయోజనం లేదు, నెట్టుకుంటూ పోవాల్సిందే. బెల్టు 20 నుంచి 24 వేల కిలోమీటర్ల మధ్య మార్చమని చాలా కంపెనీలు చెబుతాయి. ఫ్లైఓవర్ ఎక్కుతూ ట్రాఫిక్‌లో ఆగినప్పుడు బ్రేకు పట్టకుండా యాక్సిలరేటర్ కొద్దిగా తిప్పి బండిని నిలబెట్టే అలవాటు చాలామందికి ఉంది. ఆ కాసేపూ క్లచ్ షూలు రాసుకుంటూ కాలిపోతుంటాయి. బ్రేకు పట్టుకోండి, రూపాయి ఖర్చు లేని మరమ్మతు అది.

ఆయిలు విషయంలో ఆడవాళ్ల బండ్లకి జరిగే అన్యాయం వేరే రకం. ఇంటి నుంచి బడికి, బడి నుంచి కూరగాయల మార్కెట్‌కి, అక్కణ్ణుంచి డ్వాక్రా మీటింగుకి. ప్రతి ట్రిప్పూ రెండు మూడు కిలోమీటర్లు. నెలకి 200 కూడా తిరగదు. "తక్కువే తిరిగింది కదా, ఆయిలెందుకు మార్చడం" అంటారు ఇంట్లో. నిజానికి ఇంజిన్‌కి ఇదే కష్టమైన వాడకం. చల్లగా స్టార్టయి, పూర్తిగా వేడెక్కేలోపే ఆగిపోతుంది. లోపల చేరిన తేమ, మండకుండా మిగిలిన పెట్రోలు ఆవిరయ్యేంత వేడి రాదు. అవి ఆయిల్లోనే కలుస్తాయి. అందుకే మాన్యువళ్లు కిలోమీటర్లతో పాటు నెలల లెక్క కూడా ఇస్తాయి, ఏది ముందొస్తే అదని. మీటరు ఎంత తక్కువ చూపించినా నెలల లెక్క ఆగదు. బ్యాటరీకీ ఇదే బాధ. సెల్ఫ్ కొట్టినప్పుడు పోయిన చార్జి రెండు కిలోమీటర్లలో తిరిగి నిండదు. వారానికొకసారి ఊరి చివర దాకా ఆగకుండా ఒక అరగంట నడిపి వస్తే రెండింటికీ మేలు. (మనసుకీ మేలే, అది వేరే వ్యాసం.)

ఆయిల్ డబ్బా మీద ఒక చిన్న విషయం చూడాలి. స్కూటర్ ఆయిళ్ల మీద ‘ఎంబీ’ అని, మోటార్‌సైకిల్ ఆయిళ్ల మీద ‘ఎంఏ’ అని ఉంటుంది. బైకుల్లో క్లచ్ ఆయిల్లో మునిగి ఉంటుంది కాబట్టి జారని ఆయిల్ కావాలి. స్కూటర్ క్లచ్ పొడిగా వేరే డబ్బాలో ఉంటుంది కాబట్టి దానికి ‘ఎంబీ’ చాలు, అది ఇంజిన్‌ని తేలిగ్గా తిప్పుతుంది. గ్రేడు ఏదన్నది మాన్యువల్లో చూడండి, యాక్టివాకైతే 10డబ్ల్యూ-30. వెనక చక్రం దగ్గర గేర్ ఆయిల్ అని ఇంకొకటి కొద్దిగా ఉంటుంది. దాన్ని అందరూ మర్చిపోతారు, మెకానిక్కులతో సహా.

గాలి. యాక్టివాకి ముందు టైరు 22, వెనక ఒక్కరైతే 29, ఇద్దరైతే 36. బంకులో కుర్రాణ్ణి "గాలి చూడు బాబూ" అంటే అన్నింటికీ ఒకటే లెక్క కొట్టి పంపిస్తాడు. ముందు టైరు రాయిలా బిగిస్తే వాన రోడ్డు మీద పట్టు తగ్గుతుంది. "ముందు 22, వెనక 29" అని అంకెతో చెప్పండి. బంకులో గాలి ఉచితం.

బ్రేకుల దగ్గర ఒక తప్పుడు పాఠం తరతరాలుగా నడుస్తోంది: "ముందు బ్రేకు పట్టుకోకు, పల్టీ కొడతావ్." బ్రేకు వేసినప్పుడు బరువంతా ముందు చక్రం మీదికి వస్తుంది. ఆపే శక్తి ఎక్కువగా అక్కడే ఉంటుంది. ఒక్క వెనక బ్రేకుతో ఆపబోతే చక్రం బిగుసుకుని బండి పక్కకి జారుతుంది. 2019 ఏప్రిల్ నుంచి 125 సీసీ దాకా కొత్త బండ్లకి ఏబీఎస్ లేకపోతే కంబైన్డ్ బ్రేకింగ్ తప్పనిసరి చేశారు. అలాంటి స్కూటర్లలో ఎడమ లీవరు నొక్కితే రెండు చక్రాలకీ బ్రేకు పడుతుంది. అయినా కుడి లీవరు వాడకపోతే పూర్తి బలం రాదు. ఖాళీ రోడ్డు మీద రెండూ కలిపి, గుంజకుండా పిండినట్టు పట్టుకోవడం సాధన చెయ్యాలి. డ్రమ్ బ్రేకు అరిగిందో లేదో మనమే చూసుకోవచ్చు. చాలా స్కూటర్లకి చక్రం మధ్యలో, బ్రేకు కేబుల్ వచ్చి తగులుకునే చోట చిన్న బాణం గుర్తు ఉంటుంది. లీవరు గట్టిగా పట్టినప్పుడు ఆ బాణం పక్కనున్న గీతను చేరిందంటే షూలు అయిపోయాయి. అది దాటాక నట్టు బిగించి "అడ్జస్ట్ చేశాను మేడమ్" అంటే ఒప్పుకోవద్దు.

చున్నీ, పైట గురించి చెప్పక తప్పదు. కేంద్ర మోటారు వాహన నిబంధనల్లో 123వది వెనక కూర్చునేవాళ్ల బట్టలు చక్రంలో చిక్కుకోకుండా చక్రాన్ని కనీసం సగం కప్పే రక్షణ ఉండాలంటుంది. మనం శారీ గార్డు అనేది దాన్నే. స్టయిలు కోసం దాన్ని పీకించెయ్యకండి. నడిపేవాళ్లు చున్నీని అడ్డంగా వేసి వెనక నడుము దగ్గర ముడి వేసుకోవాలి, లేదా డిక్కీలో పెట్టెయ్యాలి. మెడ చుట్టూ ముడి మాత్రం ఎప్పుడూ వద్దు. ముఖానికి ఎండ తగలకుండా చుట్టుకునే స్కార్ఫుకైనా అదే మాట, కొసలు లోపలికి దోపాలి. హెల్మెట్‌కి అడ్డొచ్చేది కొప్పు, దాని పైనున్న క్లిప్పు. జడ కిందికి దించి వేసుకుంటే హెల్మెట్ చెవుల దాకా దిగి కూర్చుంటుంది, అప్పుడే స్ట్రాప్‌కి అర్థం ఉంటుంది. వెనక కూర్చున్నవాళ్లకీ హెల్మెట్ తప్పనిసరే. 4 ఏళ్లు దాటిన పిల్లలకి కూడా.

చివరికి మెకానిక్ షెడ్డు. ఆడవాళ్లు ఒక్కరే వెళ్తే బిల్లు పెరుగుతుందన్న ఫిర్యాదు అందరి దగ్గరా వింటాం, అది ఎక్కడా లేదని నేననను. దానికి విరుగుడు గొడవపడడం కాదు, లక్షణం సరిగ్గా చెప్పడం. "బండి ఏదోలా ఉంది" అంటే ఏ పార్టయినా మార్చేయొచ్చు. "పొద్దున్నే బయల్దేరేటప్పుడు వణుకుతోంది, 20 దాటాక బాగుంటోంది" అంటే అతను చూడాల్సిన చోటు ఒక్కటే మిగులుతుంది. పని మొదలుపెట్టకముందే జాబ్ కార్డు మీద ఏమేం మారుస్తారో రాయించుకోండి. ఎయిర్ ఫిల్టర్‌ని గాలి కొట్టి శుభ్రం చేశామంటే ఆగండి. ఇప్పటి స్కూటర్లలో చాలావాటికి జిడ్డు పూసిన కాగితపు ఫిల్టర్ వస్తుంది, దాన్ని కడగకూడదు, గాలి కొట్టకూడదు, గడువుకి మార్చాలి. పాత పార్టులు కవర్లో పెట్టి ఇవ్వమని మొదటే చెప్పండి. కొత్తదాని ప్యాకెట్ మీద ఎంఆర్‌పీ ఉంటుంది, దాన్ని బిల్లుతో సరిచూడండి. డబ్బు కట్టే ముందు అక్కడే ఒక రౌండు నడిపి చూసి, మీటరు రీడింగు, మళ్లీ ఎన్ని కిలోమీటర్లకి రావాలో బిల్లు వెనక అతని చేతే రాయించుకోండి.